చుట్ట విప్పని లెక్క

విత్తన పరీక్షా కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన ఆమె అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె మొలకమ్మ. ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు. ఆమె కోపగించుకోకపోవడంతో అదే అతుక్కుపోయింది. గేటు దగ్గరి కాపలాదారు సైతం, సంచులతో వచ్చినవాళ్లను ఆపి, "మొలకమ్మగారు లోపలే ఉన్నారు, చెప్పులు బయట విడిచి వెళ్లండి" అని గౌరవంగానే చెప్పేవాడు.

ఆమె పని చెప్పుకోవడానికి చిన్నది. ఒకేచోటి నుంచి ఒక్కసారిగా వచ్చిన సంచులన్నీ కలిపి ఒక లాటు. ఆ సంచుల్లోంచి తీసిన గింజల్లో నాలుగు వందలు ఎంచాలి. తడి కాగితం మీద యాభై చొప్పున వరసగా పేర్చి, పైన మరో తడి కాగితం కప్పి, చాప చుట్టినట్టు చుట్టి, రబ్బరు బ్యాండు వేయాలి. అలాంటి ఎనిమిది చుట్టలను బుట్టలో నిలబెట్టి వెచ్చని గదిలో ఉంచాలి. మొక్కజొన్నకైతే నాలుగో రోజున ఒకసారి, ఏడో రోజున మరొకసారి చుట్టలు విప్పి మొలకలు లెక్కపెట్టాలి. నూటికి తొంభై మొలిస్తే ఆ లాటు సంచులకు చీటీ కుడతారు. చీటీ మీద శాతం, తేదీ, వాటి కింద ఆమె సంతకం ఉంటాయి. విత్తేవాడు గింజ లోపలికి తొంగిచూడలేడు కనుక, అతను చూసేది ఆ చీటీనే.

మొలవడమన్న మాటకు ఆమె చుట్టూ ఎన్నో వాడుకలుండేవి. ఇంట్లో మనవడికి పన్ను మొలిచిందని కూతురు ఇరుగుపొరుగులందరినీ పిలిచి చూపించింది. గడియారాలు బాగుచేసే భర్తది నున్నటి బట్టతల. "నీ వెచ్చని గదిలో నాలుగు రోజులు నా తలపెట్టి చూడరాదుటే, ఏమైనా మొలుస్తుందేమో" అని ఆయన ప్రతి ఏడూ అదే హాస్యమాడేవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి నిబంధనల పుస్తకం తెరిచి ప్రశ్నలడిగితే, పాతవాళ్లు "మొలిచి మూడాకులు వేయలేదు, అప్పుడే కొమ్ములు మొలిచాయి" అని చాటుగా నవ్వేవారు.

ఆ వెచ్చని గదిలో మాత్రం ఆ మాటకు ఒక్కటే అర్థం. అది అచ్చువేసి గోడకు అంటించి ఉండేది: వేరు, కాండం రెండూ పుష్టిగా ఉండి, నేలలో మొక్కగా నిలవగలిగినదే మొలక. గింజలోంచి ఏదో ఒకటి బయటికి వచ్చినంత మాత్రాన అది మొలక కాదు. ఊరి దృష్టిలో మొలక నేలపైకి వచ్చేది. ఆ గదిలో ముందు చూడవలసింది కిందికి దిగినదాన్ని. ఆ కాగితాన్ని గోడకు అంటించింది మొలకమ్మే. ఈ సంగతి మొదటే చెప్పుకోవాలి. తెలియక చేసిందన్న సాకు ఆమెకు లేదు. ఆ సాకును ఆమె తనకు తాను చెప్పుకోనూ లేదు.

ఆమె చేసినది ఇది. పదకొండేళ్ల కిందట విత్తే కాలంలో నూట నలభై లాట్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అంటే వెయ్యికి పైగా చుట్టలు, లెక్కపెట్టే చేతులు రెండు. ఆమె గింజలను కాగితం పై అంచుకు రెండు వేళ్ల దూరంలో పేర్చేది కనుక, నాలుగో రోజుకు మొలకల మొనలు చుట్టలోంచి పైకి వచ్చి నిలిచేవి. చుట్ట విప్పకుండా ఆ తలలను లెక్కపెట్టి అంకె వేసింది. ఆ ఏడు ప్రతి పదో చుట్టనూ విప్పి సరిచూసుకుంది. తేడా నూటికి రెండు దాటలేదు. మరుసటి ఏడు ప్రతి ఇరవయ్యో చుట్టను విప్పింది. ఆ తరవాత విప్పడమే మానేసింది. ఎవరైనా అడిగితే, అన్నం ఉడికిందో లేదో చూడటానికి మెతుకు పట్టి చూస్తే చాలదా అనేది. ఆ పద్ధతికి ఆమె పెట్టుకున్న పేరు తలలెక్క.

కేంద్రానికి అధికారి అయిన పెద్దసారుకు ఈ సంగతి తెలుసు. ఏడో రోజున వేయవలసిన అంకె నాలుగో రోజునే తయారవుతుంటే, తేదీ గడిలో మూడు రోజులు ముందుకు జరిగి ఉంటుందని ఊహించలేనంత అమాయకుడు కాడాయన. ఆమె కాగితాలు ముందుకు రాగానే కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. తుడవడం అయ్యేసరికి సంతకం కూడా అయిపోయేది.

పదకొండేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆమె బద్ధకస్తురాలు కాదు. ఆ కాలంలో ఉదయం అందరికంటే ముందు వచ్చేది ఆమే. కానీ ఫిర్యాదు రాకపోవడం ఆ పద్ధతి సరైనదనడానికి సాక్ష్యం కాదు. దాన్ని ఓడించే గింజ అప్పటివరకు ఆ గుమ్మం తొక్కలేదు, అంతే.

ఆ గింజ అరవై రెండో లాటులో వచ్చింది.

చూడటానికి చక్కని గింజ. బంగారు రంగు, సమానమైన పరిమాణం. పురుగు లేదు, పగులు లేదు. నాలుగో రోజు, సోమవారం ఉదయం, ఎనిమిది చుట్టల పైనా మొలకలు బారులు తీరి నిలబడ్డాయి. తొంభై నాలుగు శాతం. మొలకమ్మ అంకె వేసి, గురువారం తేదీ రాసి, సంతకం చేసింది. చుట్టలను ఎప్పటిలాగే గది మూలకు జరిపించింది. బుధవారానికి ఆ లాటు సంచులన్నీ చీటీలు కుట్టించుకుని లారీలెక్కాయి.

వాటిలో కొన్ని ఆమె తమ్ముడి ఊరికి వెళ్లాయి. అతను బస్సులో మూడు గంటల దూరాన సాగుచేస్తాడు. ఆమె చీటీ ఉన్న సంచి తప్ప ఇంకొకటి కొనడు. కొన్న తరవాత చీటీని సంచి నుంచి విప్పి, గుమ్మం పక్క మేకుకు తగిలిస్తాడు. అతన్ని చూసి చుట్టుపక్కల చేలవాళ్లు కూడా అదే లాటు అడిగి తెచ్చుకుంటారు. "మా అక్క సంతకం పెడితే రాయి కూడా మొలుస్తుంది" అని అతను చెప్పుకు తిరుగుతాడని ఆమెకు తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా కసిరేది, లోపల మాత్రం మురిసిపోయేది.

గురువారం మధ్యాహ్నం కొత్తమ్మాయి ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో విప్పిన చుట్ట. పారేయబోయే చుట్టలను విప్పి చూడటం నేర్చుకుంటున్నానని ముందుగానే క్షమాపణ చెప్పుకుంది.

"మేడమ్, ఇవి కాగితాన్ని పట్టుకోలేదండి."

మొలకమ్మకు మొదట అర్థం కాలేదు. ఏడో రోజుకు మొక్కజొన్న వేళ్లు తడి కాగితంలోకి దిగి అల్లుకుపోతాయి. చుట్ట విప్పుతుంటే కాగితం చిరుగుతుంది. ఈ చుట్ట దుప్పటి విప్పినట్టు వచ్చేసింది. కాగితం ఎక్కడా చిరగలేదు. యాభై గింజల్లో సగానికి పైగా వేరు ఉండవలసిన చోట గోధుమరంగు నూలుపోగు వంటిది వేలాడుతోంది. కొన్నింటికి అదీ లేదు. పైన మాత్రం కాండం తెల్లగా, నిటారుగా, తన తొంభై నాలుగు శాతంతో నిలబడి ఉంది. పళ్లెంలోంచి పులిసిన వాసన సన్నగా వస్తోంది.

మిగతా ఏడు చుట్టలనూ ఆమే స్వయంగా విప్పింది. లెక్క రెండుసార్లు పెట్టింది. వేరూ కాండమూ ఉన్నవి నూటికి నలభై ఒకటి.

"నేనేమైనా తప్పు చేశానా మేడమ్? తడి ఎక్కువైందా?" అని అడిగింది కొత్తమ్మాయి.

"తప్పు నీది కాదమ్మా. ఇంకెవరితోనూ అనకు. మళ్లీ పెడదాం."

ప్రతి లాటులోనూ కొన్ని గింజలను సీలు వేసి అలమరలో దాచడం నియమం. వాటితో కొత్తగా ఎనిమిది చుట్టలు కట్టింది. ఫలితం వచ్చేది వచ్చే గురువారం. మూడు రోజులుగా మూలన పడేసిన చుట్టల్లో తడి ఎక్కువై కుళ్లిందేమో, రుజువు లేకుండా గగ్గోలు పెడితే అరవై రెండో లాటుతో పాటు అన్ని లాట్ల మీదా అనుమానం మొలుస్తుందేమో అని తర్కించుకుంది. ఆ తర్కంలో తప్పు వెతకడం కష్టం. ఆమెకు తగిలిన చిక్కు వేరు. ఈ జాగ్రత్త సోమవారం గుర్తురాలేదు, తన సంతకం మీదికి వచ్చాక గురువారం గుర్తొచ్చింది. అది ఆమెకు తెలిసింది. తెలిసి కూడా చుట్టలకు రబ్బరు బ్యాండ్లు వేసింది.

శుక్రవారం సాయంత్రం భర్త ఒక గోడ గడియారం వెనక మూత విప్పి కూర్చున్నాడు. ఆమె పక్కనే కూర్చుని, అది ఎందుకు ఆగిపోయిందని అడిగింది.

"ఆగలేదే. నడుస్తోంది. ముళ్లు తిరుగుతున్నాయి, గంట కొడుతోంది, అంతా బాగుంది. టైమే తప్పు."

తన మాటకు ఎప్పుడూ నవ్వే ఆమె నవ్వకపోయేసరికి ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి ఏం జరిగిందని అడిగాడు. ఆమె చెప్పింది, ఏదీ దాచలేదు. ఆయన గడియారాన్ని పక్కకు జరిపాడు.

"మీవాడు విత్తాడా?"

"వాన పడలేదుగా ఇంకా."

"మరైతే ఫోను చెయ్యి."

శనివారం ఉదయం చేసింది. అవతల తమ్ముడు హుషారుగా ఉన్నాడు. దుక్కి అయిపోయిందని, సంచులు ఇంట్లో పేర్చానని, మేఘం పట్టిందని చెప్పాడు. ఇంకా విత్తలేదు కదా అని ఆమె అడిగింది. లేదన్నాడు. ఆ క్షణంలో చెప్పవలసిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడి నుంచి కదలలేదు.

"తొందరేముందిరా. ఇంకో వారం చూసి వేసుకోరాదూ."

అతను పగలబడి నవ్వాడు. "మేఘం నీ ఆఫీసు ఫైలనుకున్నావా అక్కా, వారం ఆగడానికి?"

ఆమె కూడా నవ్వినట్టు చేసి ఫోను పెట్టేసింది. పక్క గదిలో గడియారాలన్నీ తలో టైము చెబుతున్నాయి.

ఆదివారం వాన పడింది. ఊళ్లో అందరూ కిటికీలు తెరుచుకుని చల్లగాలి పీల్చారు. మనవడు అరచేయి బయట పెట్టి చినుకులు పట్టుకున్నాడు. మొలకమ్మ వంటింటి గట్టు దగ్గరే నిలబడి, ఈ వాన అటువైపు కూడా పడిందా అని భర్తను రెండుసార్లు అడిగింది. పడిందన్నాడాయన. మరునాడు తమ్ముడి ఊరితో సహా అంతటా విత్తడం మొదలైంది.

సోమవారం నుంచి ఆమె ఆ ఏడు తాను తలలెక్కతో పంపిన లాట్ల చుట్టల్లో ఇంకా పారేయనివన్నీ ఒక్కొక్కటిగా విప్పింది. కొత్తమ్మాయి పక్కన కూర్చుని అంకెలు రాసింది. అన్నీ కాగితాన్ని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. తేడా ఎక్కడా రెండు దాటలేదు. అరవై రెండు తప్ప. ఆ లాటు కండెలు కోతలప్పుడు వానకు తడిస్తే, విత్తనాల మిల్లువాళ్లు వేడి బాగా పెంచి యంత్రంలో ఎండబెట్టారని విచారిస్తే తెలిసింది. అంత వేడికి ముందు చచ్చేది వేరు పుట్టే భాగమని కొత్తమ్మాయి పుస్తకంలో వెతికి చూపించింది. ఆ పేజీ చివర పెన్సిలుతో గీసిన గీత ఉంది. ఇరవై ఏళ్ల కిందట గీసింది మొలకమ్మే.

గురువారం కొత్త చుట్టలు విప్పారు. నూటికి నలభై మూడు.

ఆమె పెద్దసారు గదికి వెళ్లి తలుపు వేసింది. ఆయన అంతా విన్నాడు. అరవలేదు, నింద వేయలేదు. కళ్లజోడు తీశాడు కానీ తుడవలేదు. నేల వేరు, కాగితం వేరు, మంచి తడిలో కొన్ని కోలుకోవచ్చు అన్నాడు. పై కార్యాలయానికి ఉత్తరం రాస్తాననీ, జవాబు వచ్చేదాకా బయట ఎక్కడా పొక్కకూడదనీ అన్నాడు. మరో మూడేళ్లలో రిటైరయ్యే మనిషి. నిద్రపోతున్న భయానికి అప్పుడే మెలకువ వచ్చినట్టుంది ఆయన మొహం.

"ఎన్ని రోజులు పడుతుంది సార్?"

"రాయాలి కదమ్మా ముందు."

శుక్రవారం ఉత్తరం టైపయింది. శనివారం ఒక మాట మార్చి మళ్లీ టైపయింది. ఆదివారం సెలవు. ఈ మూడు రోజులూ ఆమె ఆజ్ఞను పాటించింది. నోరు విప్పవద్దన్న మాట ఆమెకు అడ్డుగా కంటే ఆసరాగానే పనికొచ్చింది. ఈ సంగతీ ఆమె పక్షాన దాచవలసింది కాదు.

సోమవారం మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, మొలిచింది. ఎక్కడా సందు లేదు. గళ్ల దుప్పటి పరిచినట్టుందే చేను. పక్క చేలవాళ్లు కూడా వచ్చి చూసి పోతున్నారు. ఈసారి నువ్వు వచ్చి తీరాలి."

మిగతాదంతా ఆమెకు కళ్లకు కట్టింది. గింజలో దాచుకున్న బలం పది పన్నెండు రోజులు వస్తుంది. ఆ బలంతోనే పచ్చగా నిలబడుతుంది. అది అయిపోయాక వేరు కోసం చూస్తుంది. ఆ తరవాత ఒక ఎండకు, ఒక గాలికి, వరసల వరసలుగా ఒరుగుతుంది. అప్పటికి నేలలో తడి ఆరిపోతుంది. మళ్లీ విత్తాలంటే ఇప్పుడే విత్తాలి. ఇంకో నాలుగైదు రోజులు దాటితే విత్తినా ఫలితం ఉండదు.

"రేపు వస్తున్నా" అంది.

సాయంత్రం ఆఫీసు వదిలేముందు ఒక కాగితం రాసి పెద్దసారు బల్ల మీద పెట్టింది. అరవై రెండో లాటు చుట్టలను చీటీ ఇచ్చేముందు ఒక్కసారి కూడా తాను విప్పలేదని, తలలు మాత్రమే లెక్కపెట్టానని, తేదీ తప్పు వేశానని, పదకొండేళ్లుగా ఇదే పద్ధతి అని అందులో రాసింది. పెద్దసారు కళ్లజోడు గురించి ఏమీ రాయలేదు. ఆయన కాగితం చదివి, "దీంతో మీ ఉద్యోగం మిగలదమ్మా" అన్నాడు. ఆమె తెలుసన్నట్టు తల ఊపి, నమూనాల అలమర తాళంచెవి కొత్తమ్మాయి చేతిలో పెట్టింది.

"ప్రతి చుట్టా విప్పు. ఎవరు తొందరపెట్టినా సరే."

"అలాగేనండి" అంది ఆ పిల్ల.

మంగళవారం ఉదయం బస్సు దిగేసరికి తమ్ముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇంటికి తీసుకువెళ్లకుండా తిన్నగా చేనుకే నడిపించాడు. దారి పొడుగునా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె రెండువైపులా చూస్తూ నడిచింది. ఎటు చూసినా పచ్చదనమే. నేల కనబడనంత చక్కగా, దువ్వినట్టు, కొండ మలుపు దాకా వరసలు. ఆ మలుపు అవతల కూడా ఇదే లాటు ఉందని అతను గర్వంగా చెప్పాడు. గాలి లేదు. ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

చేను గట్టు మీద ఆమె గొంతుక్కూర్చుని ఒక మొలకను రెండు వేళ్లతో పట్టుకుంది. లాగలేదు, ఎత్తింది. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. దాన్ని అరచేతిలో పడుకోబెట్టి అతనికి చూపించింది.

"వేరు ఏదిరా దీనికి?"

అతను వంగి చూశాడు. తెగి ఉంటుందిలే అన్నాడు. మరొకటి పీకమంది. పీకాడు. మరొకటి. నాలుగోది గట్టిగా నేలను పట్టుకుని ఉంటే అతని మొహం కాస్త తేటపడింది. తరవాత మూడూ చప్పుడు లేకుండా వచ్చేశాయి. అతను వరసలోనే ముందుకు పోయాడు, పీకుతూ. పదో పదిహేనో అయ్యాక చేతిలోవి గట్టు మీద పడేసి కూర్చున్నాడు.

ఆమె అంతా చెప్పింది. చుట్టల సంగతి, తేదీ సంగతి, నలభై మూడు.

"వాన ముందు శనివారం ఫోను చేశావు" అన్నాడు చివరికి.

"చేశాను."

"అప్పటికే తెలుసా?"

"ఒకసారి చూశాను. రుజువు కావాలనుకున్నాను."

"తొందరేముందన్నావు. నేను నవ్వాను కూడా."

ఇంకా నాలుగు రోజుల తడి ఉందనీ, గిడ్డంగిలో డెబ్భయ్యో లాటు ఉందనీ, దాని చుట్టలు ఎనిమిదీ తానే విప్పి చూశాననీ, ఇవాళే దున్ని మళ్లీ విత్తితే దక్కుతుందనీ చెప్పింది. అతను ఆమె వైపు చూడలేదు. కొండ మలుపు వైపు చూస్తున్నాడు.

"నాకు చెప్పావు. సరే. వాళ్లు నిన్ను చూసి కొన్లేదక్కా. నన్ను చూసి కొన్నారు."

పక్క చేలోంచి ఒక పెద్దాయన గట్టు దాటి వస్తున్నాడు, పైపంచె భుజాన వేసుకుని, నవ్వుతూ. ఆయన వెనక మరో ఇద్దరు. దూరం నుంచే గొంతెత్తి, "మొలకమ్మగారేనా? మీ చేతి చలవమ్మా, పాతికేళ్లలో ఇంత మొలక చూడలేదు" అన్నాడు.

తమ్ముడు లేచి నిలబడ్డాడు, ఏదో చెప్పబోయాడు. ఆమె అతని చేయి పట్టుకుని ఆపింది. ఆయన దగ్గరికి వచ్చేదాకా ఉండి, నమస్కారం పెట్టింది.

"మీ చేలో ఒకటి పీకి చూద్దాం పదండి బాబాయిగారూ" అంది.

ఆయన ఎందుకని అడగలేదు. అదే నవ్వుతో వెనక్కి తిరిగి ముందు నడిచాడు.